తాళ్ళూ ముడులూ: మా రాజేంద్రనగర్ రోజులు

ఎనభైల చివర్లో రాజేంద్రనగర్ అంటే హైదరాబాద్ వాళ్ళకి పొరుగూరి లెక్కే. మెహిదీపట్నంలో బస్సు మారి, అత్తాపూర్ దాటాక ఇళ్ళు పలచబడి వరిమళ్ళు, తోటలు మొదలయ్యేవి. వెటర్నరీ కాలేజీ స్టాపు వచ్చేసరికి బస్సులో మిగిలేది మేమూ, ఊళ్ళో పాలు పోసేసి ఖాళీ క్యాన్లతో తిరిగిపోతున్న ఒకరిద్దరు పాలవాళ్ళూ. 1946లో, నిజాం కాలంలో మొదలైన కాలేజీ అది. మేం చదివినప్పుడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉండేది. ఇప్పుడు పి.వి. నరసింహారావు గారి పేరుతో పశువైద్యానికి విడిగా విశ్వవిద్యాలయమే ఉంది.

మాది బర్కత్‌పురా. ఇంట్లో కుక్కా లేదు, పిల్లీ లేదు. ఎంబీబీఎస్‌కి ర్యాంకు చాలక ఇటొచ్చాను. మా బ్యాచ్‌లో ముప్పాతిక మంది కథ అదేలెండి, ఎవరూ పైకి చెప్పేవాళ్ళు కాదంతే. "ఆడపిల్లకి గొడ్ల డాక్టరేమిటే, రేపు సంబంధాల వాళ్ళకి ఏమని చెప్పుకోవాలి?" అని మా నాయనమ్మ బెంగ పెట్టుకుంది.

జంతువుల్ని పట్టుకోవడం, అదుపులో ఉంచడం మీద మాకు విడిగా ప్రాక్టికల్స్ ఉండేవి. 'రెస్ట్రెయింట్ క్లాసు' అనేవాళ్ళం. ప్రొఫెసర్ గారు బోర్డు మీద బొమ్మలు గీసి చక్కగా చెప్పేవారు. కానీ షెడ్డులో బర్రె ముందు నిలబెట్టి నేర్పింది మాత్రం అటెండర్ కాకా. పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. స్టూడెంట్లు, డాక్టర్లు అందరికీ ఆయన కాకానే. నెత్తికి రుమాలు, చెవులకు పోగులు, మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన ధోవతి. ఎడమ చేతి ఉంగరంవేలు సగమే ఉండేది.

మొదటిరోజు మేం షెడ్డులోకి రాగానే ఆయన అన్న మాట: "గడియారాలు తీసి ఆడ పెట్టుండ్రి. గాజులు సుత తియ్యిండ్రి బిడ్డా."

గాజుల చప్పుడుకి బర్రె బెదురుతుంది, గడియారం తాట్లో ఇరుక్కుంటే మణికట్టు పోతుంది. అంతవరకు అర్థమైంది. ఆయన ఇంకోటి కూడా చెప్పాడు. "గడియారముంటె మనకు తొందర పుడ్తది. మనకు తొందరైతే దానికి ఎర్కైతది." అందరం నవ్వాం. చున్నీలు నడుముకు బిగించి కట్టుకోమని చెప్పి ఆయన తన పనిలో పడ్డాడు.

కాకా బర్రె దగ్గరికి వెళ్ళే తీరు చూడాలి. ఎదురుగా ముఖం మీదికి వెళ్ళడు, వెనక నుంచి అసలే వెళ్ళడు. భుజం వైపు నుంచి కాస్త ఏటవాలుగా, ఏదో ఒకటి మాట్లాడుతూ వెళతాడు. "ఓ... హో... నిలు తల్లీ, నిలు. గదే, గంతే." రెండు బారల దూరంలో ఆగిపోతాడు. బర్రె తలెత్తి చూస్తుంది, చెవులు ఇటు తిప్పుతుంది, ముక్కు చాపి వాసన పడుతుంది. అది మళ్ళీ మేతలోకి తల దించేదాకా ఆయన కదలడు. ఆ తర్వాత అరచెయ్యి తెచ్చి భుజం మీద ఆనిస్తాడు. తట్టడు, గోకడు, ఊరికే ఆనించి ఉంచుతాడు. చర్మం ఒకసారి వణుకుతుంది, ఆగిపోతుంది. ఇక ఆ చెయ్యి తియ్యకుండానే వెన్ను మీదుగా నడుం దాకా, తొడ దాకా వెళతాడు. ఆయన వెనకవైపు ఉన్నా ఎక్కడున్నాడో దానికి ఆ చెయ్యే చెబుతుంది.

దీని వెనక శాస్త్రం ఉంది. పశువుకి కళ్ళు తలకి రెండు పక్కలా ఉండటంతో దాదాపు చుట్టూ కనిపిస్తుంది, సరిగ్గా తోక వెనక ఉన్న ముక్క తప్ప. ఆ చూపు అందని చోటి నుంచి ఏం తగిలినా తన్నుతుంది. ప్రతి పశువుకీ తన చుట్టూ ఒక హద్దు ఉంటుంది. మనం ఆ హద్దులోకి అడుగుపెడితే జరుగుతుంది, బయటికొస్తే ఆగుతుంది. భుజానికి వెనకగా నిలబడితే ముందుకు నడుస్తుంది, భుజం దాటి ముందుకొస్తే వెనక్కి తగ్గుతుంది. ఇదంతా అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే శాస్త్రవేత్త వివరంగా రాశారని ఉద్యోగంలో చేరాక చదివాను. కాకా ఆ పేరు వినే అవకాశమే లేదు. కానీ షెడ్డులో ఇరవై బర్రెల్ని కర్ర ఎత్తకుండా, తాను రెండడుగులు ఇటూ అటూ వేసి మళ్ళించేవాడు.

తన్నుల సంగతి కూడా అక్కడే తెలిసింది. గాడిద వెనక, అధికారి ముందు నిలబడొద్దని మన పెద్దలు అన్నది గాడిదకీ గుర్రానికీ సరిపోతుంది. అవి నేరుగా వెనక్కి తంతాయి. ఆవు, బర్రె అలా కాదు. కాలు ముందుకు తెచ్చి పక్కకి విసురుతాయి. కాబట్టి పొదుగు పక్కన ఉన్నాం కదా, భయంలేదు అనుకోకూడదు. మూడడుగుల దూరంలో నిలబడ్డవాడికే దెబ్బ గట్టిగా తగులుతుంది. పూర్తిగా ఒంటికి ఆనుకుని నిలబడితే కాలు విసరడానికి చోటు ఉండదు, తగిలినా తోసినట్టే ఉంటుంది. మాలో భయపడ్డవాళ్ళంతా సరిగ్గా ఆ మూడడుగుల దూరంలోనే నిలబడేవాళ్ళం. కాకా వీపు మీద చెయ్యేసి ముందుకు నెట్టేవాడు. "అయితే దగ్గరుండు, లేకుంటె దూరముండు. నడుమ నిలవడకు."

ఇక ముడులు. మెడకి జారుముడి వెయ్యకూడదు, లాగినకొద్దీ బిగుస్తుంది. గుంజకి కట్టినప్పుడు కొసని పూర్తిగా దూర్చెయ్యకుండా మడిచి వదలాలి, ఒక్క లాగుకి విడిపోవాలి. ఇనప గొట్టాలతో చేసిన చట్రం ఉంటుంది, ట్రెవిస్ అంటారు. పశువుని అందులో నిలబెట్టి కట్టి చికిత్స చేస్తారు. అందులో పశువు కాలు జారి కూలబడితే మెడ బిగుసుకుపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఆ కంగారులో ముడి ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చోలేం. అందుకే కాకా మాచేత ముడి వేయించి, కళ్ళు మూసుకుని విప్పమనేవాడు. హాస్టల్లో మంచం కోళ్ళకీ కిటికీ ఊచలకీ చున్నీలతో ముడులు వేసి విప్పడమే పని కొన్నాళ్ళు. ఒకమ్మాయి పక్కమంచం అమ్మాయి జడతో కూడా సాధన చేసింది. ఆ గొడవ వార్డెన్ దాకా వెళ్ళింది.

తాడు నూలుదే ఉండాలి. నైలాన్ తాడు సర్రున జారితే అరచెయ్యి కాలుతుంది, పశువు చర్మం కూడా ఒరుసుకుపోతుంది. ఎంత పెద్ద పశువైనా తాడుని చేతికి చుట్టుకుని పట్టుకోకూడదు. పట్టు చాలడం లేదని ఎవరైనా ఒక మెలిక చుట్టుకుంటే కాకా ఏమీ అనేవాడు కాదు. దగ్గరికొచ్చి ఆ సగం వేలు చూపించి వెళ్ళిపోయేవాడు.

అన్నిటికంటే నాకు కళ్ళకి కట్టినట్టు గుర్తున్నది ఒక ఒంగోలు ఎద్దుని పడవేయడం. గిట్టల మధ్య పుండు, నిలబెట్టి చూసే వీల్లేదు. అంత పెద్ద ఎద్దుని పదిమంది చుట్టూ చేరి కాళ్ళు లాగి పడేస్తారనుకున్నాను. ముందురోజు సాయంత్రం నుంచే మేత ఆపారు. కడుపు నిండుగా ఉన్నప్పుడు పడుకోబెడితే ఆ బరువు ఊపిరితిత్తుల మీద పడుతుంది, మేత గొంతులోకి తన్నుకొచ్చి ఊపిరిగొట్టంలోకి పోయే ప్రమాదమూ ఉంది. పొద్దున్నే కాకా నేల మీద రాళ్ళు ఏరి, మోకాలెత్తు గడ్డి పరిచాడు. పది మీటర్ల పైచిలుకు తాడు. ఒక కొసని మెడ చుట్టూ బిగుసుకోని ముడితో కట్టాడు. తాడుని వెన్ను మీదుగా తెచ్చి ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టూ ఒక మెలిక, నడుం ముందు డొక్క చుట్టూ ఇంకో మెలిక వేశాడు. ఆవుకైతే పొదుగు ముందున్న పెద్ద నరం మీద తాడు పడకూడదు, ఎద్దుకైతే పొట్ట కింద మూత్రమార్గం మీద పడకూడదు. ఆ రెండో మెలికని వేళ్ళు దూర్చి మూడుసార్లు సర్దాడు. మిగిలిన తాడు తోక వైపు ఇద్దరి చేతికిచ్చి, "నేను చెప్పినంక గుంజుండ్రి. ఒర్రకుండ్రి" అన్నాడు.

వాళ్ళు నేరుగా వెనక్కి లాగారు. కుదుపుల్లేకుండా, ఒకే బిగువుతో. ఎద్దు ఒక క్షణం అలాగే నిలబడింది. వెన్ను కాస్త వంగింది. వెనక కాళ్ళు మడతపడ్డాయి, ముందు కాళ్ళు మడతపడ్డాయి, ఎవరో కూర్చోమంటే కూర్చున్నట్టు గడ్డి మీద కూలబడి పక్కకి ఒరిగింది. ఎవరూ దాన్ని తోయలేదు. కాకా తలదగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, నేల వైపున్న కన్ను ఒరుసుకోకుండా మడిచిన గోనెపట్టా కిందకి తోశాడు. పై కన్ను మీద తన నెత్తి రుమాలు కప్పాడు. సర్జన్ గారు పని ముగించేదాకా చెవి వెనక ఆయన చెయ్యి అలాగే ఉంది. ఎద్దు ముక్కుల్లోంచి ఊపిరి మొదట బుసలు కొట్టి, తర్వాత తీరిగ్గా రావడం నాకు వినిపిస్తోంది. తలదగ్గర రెండోవైపు కూర్చున్నది నేనే మరి.

ఆ రోజుల్లో నేర్పినవన్నీ మంచివే అనను. ముక్కుదూలం వేళ్ళతో నొక్కిపట్టడం, చెవి మెలిపెట్టడం, కదలని పశువుకి తోక మెలితిప్పడం కూడా పుస్తకాల్లో పద్ధతుల కిందే ఉండేవి. తోకలో ఉన్నవి కూడా వెన్నుపూసలే, మెలితిప్పితే విరుగుతాయి. మన రోడ్ల మీద బండి ఎద్దుల తోకలు చూస్తే ఎన్ని వంకరలు ఉంటాయో! తన్నకుండా ఉండాలంటే తోకని మొదట్లో రెండు చేతులతో పట్టి నిటారుగా పైకెత్తి ఉంచితే చాలు. కాకా అదే చేసేవాడు. ఎవరైనా మెలితిప్పబోతే మాత్రం ఆయనకు నిజంగా కోపం వచ్చేది.

మా ఇంటికి నారాయణగూడ నడిచిపోయేంత దూరం. దీపావళి తర్వాత సదర్ పండుగకి ముస్తాబు చేసిన దున్నపోతుల్ని తీసుకొస్తుంటే చిన్నప్పుడు మేడ మీంచి చూసేదాన్ని. కాలేజీలో చేరాక మొదటిసారి రోడ్డు మీదికి దిగి చూశాను. చూపంతా పశువు పక్కన నడిచే యాదవుల చేతుల మీదే. రోజూ దాణా పెట్టి ఒళ్ళు తోమే మనిషి చెయ్యి భుజం మీద ఉంటే అంత జనంలోనూ ఆ జంతువు నడుస్తుంది. ఆ పక్కనే పటాసులు కాల్చేవాళ్ళని, చెవులు పగిలే సౌండ్ బాక్సులు పెట్టేవాళ్ళని మాత్రం నాకిప్పటికీ క్షమించబుద్ధి కాదు.

గుర్రాల దగ్గర మాత్రం కాకా పాఠాలు కొన్ని మార్చుకోవాల్సి వచ్చింది. మలక్‌పేట రేస్‌కోర్సులో మొదటిసారి లాయంలోకి వెళ్ళినప్పుడు గుర్రాల్ని చూసుకునే సైసు నా ముఖం చూసి, "నక్కో డరో మేడమ్, ఉనే ఆప్ సే జ్యాదా డర్‌రా" (భయపడకండి మేడమ్, అది మీకంటే ఎక్కువ భయపడుతోంది) అన్నాడు. ఎడమవైపు నుంచి వెళ్ళాలి, దాన్ని ఎక్కడం, దిగడం, జీను వెయ్యడం అన్నీ అటునుంచే అలవాటు. గుర్రం లేచేటప్పుడు ముందుకాళ్ళు ముందు లేపుతుంది, పశువు వెనక భాగం ముందు లేపుతుంది. అందుకే పడుకోబెట్టిన గుర్రానికి తల పట్టుకుంటే లేవలేదు. పై పెదవికి తాడు చుట్టి కర్రతో మెలిపెట్టే ట్విచ్ అక్కడ చూశాను. చూస్తేనే నా పెదవి నొప్పెట్టింది. కానీ గుర్రం కళ్ళు సగం మూసుకుని నిలబడింది! 1984లో డచ్ పరిశోధకులు దీని మీద రాశారు. అలా పట్టినప్పుడు గుర్రం రక్తంలో ఎండార్ఫిన్లు, అంటే శరీరమే తయారుచేసుకునే నొప్పి తగ్గించే పదార్థాలు పెరుగుతాయట. అయితే అది కొద్ది నిమిషాల మాటే. ఎక్కువసేపు ఉంచితే గుండె వేగం మళ్ళీ పెరుగుతుంది. చెవికి వేస్తే మొదటి నుంచీ ఒత్తిడే. కాబట్టి ఆ కర్ర చేతిలోకి తీసుకునే ముందు మిగతా సామానంతా సిద్ధంగా ఉండాలి.

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం మాత్రం కుక్కలతోనే గడిచింది. సిటీ పెరిగింది, బర్రెల కొట్టాలు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. "మా వాడు ఎవర్నీ కరవడు డాక్టర్‌గారూ" అంటూ లోపలికొచ్చేవాళ్ళకి నేను సరేనంటూనే గాజ్ గుడ్డ బ్యాండేజీ చుట్ట తీస్తాను. మీటరుకి పైగా కత్తిరించి, మధ్యలో వదులు ముడితో ఉచ్చు చేసి, పక్క నుంచి మూతి మీదికి జార్చి పైన బిగించాలి. కొసలు దవడ కిందికి తెచ్చి ఒకసారి దాటించి, చెవుల వెనక పూముడి వెయ్యాలి. అదీ ఒక్క లాగుకి ఊడిపోవాలి, రాజేంద్రనగర్ లెక్కే. కుక్కకి వేడి తగ్గేది నోరు తెరిచి ఒగర్చడం వల్లే. మన మే నెల ఎండలో మూతి కట్టి పది నిమిషాలు వదిలేస్తే వడదెబ్బ మనమే తెప్పించినట్టు. ఆ సెల్‌ఫోన్ ప్రకటన వచ్చాక వీధికొకటి చొప్పున 'హచ్ కుక్కలు' దిగాయి కదా, పగ్గులు. వాటికి కట్టడానికి మూతే లేదు, ఊపిరి మామూలుగానే గురకలతో ఆడుతుంది. వాటికి మెడ చుట్టూ తువ్వాలు చుట్టి పట్టుకోవడం మేలు.

వీధికుక్కల సంగతి వేరే కథ. చిన్నప్పుడు మా గల్లీకి కుక్కల బండి వస్తే, ఇనప పటకారుతో మెడ పట్టి ఈడుస్తుంటే పిల్లలందరం లోపలికి పారిపోయేవాళ్ళం. 2001లో వచ్చిన నిబంధనలు చంపడం బదులు హింసలేని పద్ధతుల్లో పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలన్నాయి. వలతో పట్టేవాళ్ళలో నేర్పున్నవాళ్ళని చూశాను. కుక్క ఏ సందులోంచి తప్పించుకుంటుందో ముందే చూసుకుని అక్కడ నిలబడతారు, వెంటపడరు. మేమందరం ముందస్తు రేబిస్ టీకాలు వేయించుకున్నవాళ్ళమే. అయినా పన్ను దిగితే సబ్బుతో, పారే నీళ్ళ కింద పావుగంట కడుక్కోవాలి, మళ్ళీ సూది వేయించుకోవాలి. పసుపు, కారం అద్దుకుని వచ్చేవాళ్ళు ఇప్పటికీ తగులుతూనే ఉన్నారు.

పక్షుల గురించి ఒక మాట చెప్పకపోతే మనసొప్పదు. మనకున్నట్టు వాటికి ఊపిరి లాగే ఉదరవితానం ఉండదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి ఆడుతుంది. కోడినో పావురాన్నో రొమ్ము దగ్గర గట్టిగా పిసికి పట్టుకుంటే ఏ దెబ్బా లేకుండానే చేతిలో పోతుంది. కుందేలుని చెవులు పట్టి ఎత్తడం ఇంకో దురాచారం. వెనక భాగానికి చెయ్యి ఆసరా లేకపోతే అది ఒక్క తన్ను తన్నుకుని తన నడుం తానే విరగ్గొట్టుకుంటుంది.

ఒకసారి దారితప్పి కాలనీలోకొచ్చిన చుక్కల దుప్పిని పట్టాల్సి వచ్చింది. మేం వెళ్ళేసరికి కుర్రాళ్ళు సెల్‌ఫోన్లతో చుట్టూ పరిగెడుతున్నారు. జింకజాతిని వెంటాడి పట్టడం కంటే ఘోరం లేదు. ఆ పరుగుకీ భయానికీ ఒళ్ళు వేడెక్కి, కండరాలు దెబ్బతిని, పట్టుబడ్డాక గంటల్లోనో, రెండు మూడు రోజులకో చచ్చిపోతుంది. ఒంటిమీద గాయం ఉండదు, జనానికి అర్థం కాదు. జనాన్ని గేటు అవతలికి పంపి, లైట్లు ఆర్పించి, పాత దుప్పట్లు గోడలా పట్టుకుని గంటకి పైగా నిలబడ్డాం. అటవీశాఖ వాళ్ళు వచ్చాక, అది మూలకి చేరి నిలబడినప్పుడు కళ్ళ మీద గుడ్డ వేశాం. గుడ్డ పడగానే అది తలదించింది. వ్యాన్ డ్రైవర్ మాత్రం "ఇంతసేపెందుకు మేడమ్, మొదటే దూకి పట్టుకుంటే అయిపోయేదిగా" అని సణిగాడు.

ఇప్పటి కుర్ర డాక్టర్లకీ నాకూ ఒక విషయంలో వాదన నడుస్తుంటుంది. వాళ్ళు పెనుగులాట మొదలవ్వకముందే మత్తు ఇచ్చేద్దామంటారు. పిల్లులకైతే ఇంటి దగ్గర బయల్దేరే ముందే బెదురు తగ్గించే గాబాపెంటిన్ మందు వేసి తీసుకురమ్మని ఓనర్లకి చెబుతారు. నేను మొదట్లో ఒప్పుకోలేదు. చేతుల్లో పనితనం ఉంటే మందెందుకు అనేదాన్ని. రెండు నిమిషాల పనికి ముగ్గురు ఒక పిల్లిని అదిమి పట్టుకోవడం, అది ఆ తర్వాత క్లినిక్ గుమ్మం చూస్తేనే ఉచ్చ పోసుకోవడం ఇన్నేళ్ళూ చూశాక వాళ్ళ వైపే మొగ్గుతున్నాను. ముసలివాటికి, గుండెజబ్బు ఉన్నవాటికి మాత్రం డోసు విషయంలో ఇంకా పట్టుబడతాను. కాకా ఉంటే మందు సీసా అటూ ఇటూ తిప్పి చూసి, ముందు దాన్ని కాసేపు నేల మీద కూసోనియ్యి అనేవాడేమో. అదీ చేస్తున్నాం. బుట్ట మూత తీసి పెట్టి, పిల్లి తనంతట తాను బయటికొచ్చేదాకా ఓనర్‌తో కబుర్లు చెబుతూ కూర్చుంటాం. బయట వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ.